పదకొండేళ్ల లాబ్రడార్‌కి క్రియాటినిన్ 4.6: వైద్యం కొనసాగించాలా, ఇంజెక్షన్ ఇప్పించేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఏలూరులో ఉంటారు. మీ ఆడ లాబ్రడార్‌కి పదకొండేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు, పచ్చగా వాంతులు చేసుకుంటోంది, నీళ్లు మాత్రం గిన్నెలు గిన్నెలు తాగుతోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 4.6 వచ్చింది. "కిడ్నీలు పోయాయి, వయసు కూడా అయిపోయింది, మెర్సీ కిల్లింగ్ చేయించేయండి" అని ఒకరన్నారు. "వారం రోజులు సెలైన్ ఎక్కిస్తే అదే లేచి తిరుగుతుంది" అని ఇంకొకరన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. రేపు పొద్దున్నే పొట్ట స్కానింగ్ చేయించండి. మీరు రాసిన లక్షణాలు కిడ్నీ జబ్బుకి ఎంత సరిపోతాయో, గర్భసంచిలో చీము పట్టడానికీ అంతే సరిపోతాయి. దాన్నే పయోమెట్రా అంటాం. అదైతే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయడమే వైద్యం, ఆ తర్వాత చాలా కుక్కలు మామూలుగా తిరుగుతాయి. స్కానింగ్ లేకుండా దానికి చివరి ఇంజెక్షన్ ఇచ్చినా తప్పే, వారం రోజులు సెలైన్ పెడుతూ కూర్చున్నా తప్పే.

నేను కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్‌ని, కోస్తాలోనే ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు. "కిడ్నీ ఫెయిల్యూర్ అన్నారండీ" అంటూ నా దగ్గరకు వచ్చిన ముసలి ఆడకుక్కల్లో పయోమెట్రాలు బాగానే చూశాను. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చి వెళ్లాక సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది బయటపడుతుంది. గర్భసంచి మూతి తెరిచి ఉంటే చీమో ఎర్రటి ద్రవమో కారుతుంది, ఇంట్లోవాళ్లకి కనిపిస్తుంది. మూతి మూసుకుపోతే బయటికి ఏమీ కారదు. చీమంతా లోపలే ఉండిపోతుంది కాబట్టి ప్రమాదం ఇందులోనే ఎక్కువ, గుర్తుపట్టడమూ కష్టమే. ఆ చీములోని బ్యాక్టీరియా విషం మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని దెబ్బతీస్తుంది, అందుకే అన్ని నీళ్లు తాగడం. దానికితోడు వాంతులతో ఒళ్లు ఎండిపోయి క్రియాటినిన్ పెరుగుతుంది. గర్భసంచి తీసేసి ద్రవాలు ఎక్కించాక ఆ అంకె దిగొచ్చిన కేసులు చాలానే ఉన్నాయి. మీ కుక్క చివరిసారి ఎప్పుడు ఎదకొచ్చిందో ఇంట్లో అందరినీ అడిగి తేదీ రాసిపెట్టుకోండి. డాక్టర్ ముందు అడిగే ప్రశ్న అదే.

స్కానింగ్‌లో గర్భసంచి మామూలుగా ఉంటే అప్పుడు కిడ్నీల సంగతి చూడాలి. అక్కడ కూడా 4.6 అనే అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో చెప్పడానికి డాక్టర్లు వాడే ఐరిస్ పద్ధతిలో 2.9 నుంచి 5.0 వరకు మూడో దశ, 5 దాటితే నాలుగో దశ. అయితే ఆ దశ నిర్ణయించాల్సింది కుక్క కుదుటపడి, ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు. నాలుగు రోజులు తిండిలేక వాంతులు చేసుకున్న కుక్క రక్తం తీసి దశ చెప్పడం కుదరదు. నిజంగా ఏళ్ల తరబడి పాడైన కిడ్నీలైతే స్కానింగ్‌లో చిన్నవిగా, గరుకుగా కనిపిస్తాయి. కుక్క కొన్ని నెలలుగా బరువు తగ్గుతూ వస్తుంది, రక్తం కూడా తగ్గి ఉంటుంది. మొన్నటిదాకా ఒళ్లు బాగుండి, కిడ్నీల సైజు మామూలుగానో కాస్త ఉబ్బో ఉంటే అది హఠాత్తుగా తగిలిన దెబ్బ. అలాంటి కిడ్నీలు చాలాసార్లు కోలుకుంటాయి.

హఠాత్తు దెబ్బకి మన ప్రాంతంలో నాకు తరచూ కనిపించే కారణాలు మూడు. మొదటిది ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, వానాకాలంలో మరీ ఎక్కువ. ఇది మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి కారణం తేలేదాకా దాని మూత్రం ఎత్తేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. రెండోది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్. చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం కారినా, ప్లేట్‌లెట్లు తగ్గినా దీన్ని అనుమానించి పరీక్ష చేయించాలి. మూడోది మనం చేతులారా ఇచ్చేది, నొప్పి మాత్ర. లాబ్రడార్లకి ఈ వయసులో కీళ్లనొప్పులు మామూలే. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాకో, బ్రూఫెనో పాపం నొప్పి తగ్గుతుందని ఎవరో వేస్తారు. కుక్కకి అవి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పశువుల డాక్టర్ రాసే మెలాక్సికామ్ కూడా ఒళ్లు ఎండిపోయిన కుక్కకి చేటే. ఈమధ్య ఏదైనా మాత్ర వేసి ఉంటే మొహమాటం లేకుండా డాక్టర్‌కి చెప్పండి. తిడతారేమోనని దాచిపెట్టేవాళ్లే ఎక్కువ, నష్టపోయేది కుక్క.

ఏలూరులో స్కానింగ్ కుదరకపోతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆస్పత్రి మీకు దగ్గర. ఇది చదివే మిగతావాళ్ల కోసం: తిరుపతిలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కూడా పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. కుక్కలకు డయాలసిస్ కావాల్సివస్తే చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ పేరు చెబుతాం. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు ప్రధానంగా ఊళ్లలో పశువుల కోసం. అర్ధరాత్రి ఇంట్లో కుక్కకి ప్రాణం మీదకొస్తే వాటినే నమ్ముకుని కూర్చోకండి.

సెలైన్ ఎన్నాళ్లు? కిడ్నీయే అని తేలితే నేను ఇంటివాళ్లతో ఇలా ఒప్పందం చేసుకుంటాను: రెండు మూడు రోజులు రక్తనాళంలోకి ద్రవాలు, వాంతులు ఆగడానికి మందు, ఆ తర్వాత మళ్లీ రక్తపరీక్ష. మొదటి రోజు అంకె కన్నా మూడో రోజు అంకె ఎక్కువ చెబుతుంది. 4.6 కాస్తా 2.5కి దిగి, కుక్క లేచి నాలుగు ముద్దలు తింటే ఇంటి దగ్గర వైద్యంతో నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిపేయొచ్చు. అంకె కదలకపోయినా, పెరిగినా, మూత్రం రావడం తగ్గినా అప్పుడు వేరే మాట మాట్లాడుకోవాలి. మూత్రాన్ని మాత్రం తప్పకుండా గమనించాలి. ముప్ఫై కిలోల కుక్క మామూలుగా గంటకి ముప్ఫై నుంచి అరవై మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది, సెలైన్ ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ రావాలి. లోపలికి సీసాలు పోతూ బయటికి ఏమీ రాకపోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే "సెలైన్ వల్ల నష్టమేముందిలే" అనే మాట నేను ఒప్పుకోను. గుండె జబ్బున్న ముసలి కుక్కకి లెక్కలేకుండా ఎక్కించిన సెలైనే ప్రాణం తీయగలదు. ఇంకో చిన్న విషయం: మూత్రం చిక్కదనం పరీక్షకి శాంపిల్ సెలైన్ మొదలుపెట్టకముందే తీసుకోవాలి. తర్వాత తీస్తే నీళ్లమూత్రమే వస్తుంది, కిడ్నీ పనితనం తెలియదు.

తిండి గురించి అందరూ అడుగుతారు. వాంతులు అవుతుండగా కిడ్నీ డైట్ మొదలుపెట్టకండి. కడుపులో తిప్పుతున్నప్పుడు పెట్టిన తిండిని కుక్క గుర్తుపెట్టుకుని తర్వాత ఎప్పటికీ ముట్టదు. ముందు తినడం మొదలవ్వాలి, ఏది తిన్నా సరే. కుదుటపడ్డాక నెమ్మదిగా రీనల్ డైట్ కలుపుతూ మార్చండి. ఆ ఖర్చు భరించలేకపోతే మెత్తటి అన్నం, కోడిగుడ్డు తెల్లసొన, కొంచెం నూనె ఆధారంగా డాక్టర్ ఒక కొలత రాసిస్తారు. ఇక్కడ తగ్గించాల్సింది ముఖ్యంగా ఫాస్ఫరస్. అందుకని ఎముకలు, లివర్, పచ్చసొన బంద్. మన ఇళ్లలో కుక్కకి జబ్బు చేస్తే మొదట పెట్టేది పెరుగన్నం, కానీ ఈ జబ్బులో పెరుగూ పాలూ కూడా తగ్గించాలి. కొబ్బరినీళ్లు పట్టిస్తున్నామని రాశారు, ఆపేయండి. అందులో పొటాషియం ఎక్కువ, మూత్రం సరిగా రాని కుక్కకి అది గుండె మీదకొస్తుంది. సిరంజితో మజ్జిగ, ఓఆర్ఎస్ బలవంతంగా నోట్లో పోయడం కూడా వద్దు. నీరసంగా ఉన్న కుక్కకి అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది, అసలు జబ్బు కంటే అదే ముందు ముంచుతుంది.

చర్మం కింద ద్రవాలు ఇవ్వడం ఇంటివాళ్లకి నేను నేర్పిస్తాను. భుజాల మధ్య చర్మం పైకెత్తి సూది పెట్టడమే, వారంలో చేయి తిరుగుతుంది. ఎంత, ఎన్ని రోజులకోసారి అనేది మాత్రం డాక్టరే చెప్పాలి. ఉబ్బు సాయంత్రానికి కాళ్లలోకి జారితే కంగారు పడకండి, అది మామూలే. బీపీ, మూత్రంలో ప్రోటీన్ కూడా చూపించుకోవాలి. అవి పెరిగితే కిడ్నీ ఇంకా త్వరగా పాడవుతుంది, వాటికి మందులున్నాయి.

ఇక మీరు రెండో ప్రశ్నగా అడిగింది: రాత్రిపూట ఏం కనిపిస్తే పరిగెత్తాలి?

ముందుగా చిగుళ్లు. కుక్క బాగున్నప్పుడే పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూసి పెట్టుకోండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు తెల్లబడినా, నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. తర్వాత ఊపిరి. గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తుందో లెక్కపెట్టండి. ముప్ఫై లోపు ఉండాలి. రోజూ ఇరవై ఉండేది నలభైకి చేరిందంటే గుండో ఊపిరితిత్తులో మొరపెట్టుకుంటున్నట్టు. గుండె కవాటం జబ్బున్న పామరేనియన్ల ఇళ్లలో నేను ఈ లెక్క గోడ క్యాలెండర్ మీద రాయిస్తాను. ఆయాసం బయటికి కనిపించకముందే మందు మోతాదు మార్చుకునే వీలు దొరుకుతుంది.

పొట్ట డోలులా ఉబ్బి, వాంతి కోసం డోక్కుంటూ ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో ఎక్కువ. దీనికి ఇంటి వైద్యం అంటూ ఏదీ లేదు, గంటల్లో ఆపరేషన్ జరగాలి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా అదీ ఎమర్జెన్సీయే. ఆ సమయంలో నోట్లో చెయ్యి, చెంచా, నీళ్లు ఏవీ పెట్టకండి. ఎండదెబ్బ తగిలితే, అంటే రొప్పుతూ తూలిపోతూ ఒళ్లు కాలిపోతుంటే, మామూలు నీళ్లు ఒంటినిండా పోసి ఫ్యాన్ కింద పెట్టి తర్వాత బయల్దేరండి. ఐసు ముక్కలతో కప్పొద్దు. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి 102 చూసి జ్వరమని భయపడకండి.

భయపెట్టినా అంత ప్రమాదం కానిది కూడా ఒకటుంది. ముసలి కుక్క ఉన్నట్టుండి తల ఒక పక్కకి వాల్చి, కళ్లు అటూ ఇటూ గిరగిరా తిప్పుతూ, లేవబోయి పడిపోతుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు. చాలామట్టుకు అది లోచెవి బ్యాలెన్స్ తప్పడం, వెస్టిబ్యులర్ సమస్య అంటాం. ఒక కుటుంబం తమ పద్నాలుగేళ్ల స్పిట్జ్‌ని ఇలాగే దుప్పట్లో చుట్టి తెచ్చారు, ఇంజెక్షన్ ఇచ్చేయమని నిర్ణయించుకునే వచ్చారు. మూడు రోజులు ఆగి చూద్దామన్నాను. వాంతికి మందు, సందులేని చోట దిండ్ల మధ్య పడక, చేత్తో నీళ్లు, అంతే వైద్యం. మూడో రోజుకి లేచి గోడ పట్టుకుని నడిచింది. తల కొంచెం వంకరగానే ఉండిపోయింది, దానికేమీ బాధ లేదు. ఈ జబ్బులో మూడు రోజుల్లో మార్పు మొదలవ్వాలి. అవ్వకపోతే, లేదా రోజురోజుకీ దిగజారితే, అప్పుడు మెదడు గురించి ఆలోచించాలి.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కూడా చెబుతాను. ఒక ముసలి జర్మన్ షెపర్డ్ పొద్దున వాకింగ్‌కి వెళ్లొచ్చి సాయంత్రం కూలబడింది. చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి, పొట్టలో సూది పెడితే రక్తమే వచ్చింది. ప్లీహం మీద గడ్డ పగిలింది, గుండె దగ్గర కూడా ఇంకో గడ్డ కనిపించింది. ప్లీహం మీద వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్ కావు, అందుకే గుండె బాగుండి ఉంటే ఆపరేషన్‌కి వెళ్దామనే అనేదాన్ని. కానీ ఇది హెమాంజియోసార్కోమాయే, అంటే రక్తనాళాల క్యాన్సరే అయితే ఆపరేషన్ ఒక్కటే చేస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, కీమో కూడా ఇస్తే నాలుగు నుంచి ఆరు. అప్పటికే గుండెకి పాకిందంటే అంత కాలం కూడా నమ్మకం లేదు. ఆ రాత్రే వాళ్లు దాన్ని వెళ్లనిచ్చారు. నేను కూడా అదే సలహా ఇచ్చాను, ఇవాళ అడిగినా అదే చెబుతాను.

ఈ రెండు కుక్కలదీ ఇంచుమించు ఒకే వయసు తరగతి. అందుకే "వయసైపోయింది కదా" అనేది నాకు కారణంగా కనిపించదు. ఏ జబ్బు, ఎంత బాధ, తగ్గే దారి ఉందా, ఇంటివాళ్లకి చేయగలిగే శక్తి ఉందా, ఇవే చూస్తాను. డబ్బు కూడా ఇందులో భాగమే, సిగ్గుపడాల్సిన పని లేదు. రోజుకి ఎంతవుతుంది, ఎన్ని రోజులు అని మొదటి రోజే అడగండి. చెప్పలేనని డాక్టర్ అంటే కనీసం మొదటి మూడు రోజులకి ఎంతో చెప్పమనండి.

హద్దులు ముందే గీసుకోండి. అర్ధరాత్రి కుక్క ఎగశ్వాస పెడుతుంటే, ఇంట్లో ఒకరు ఏడుస్తూ ఒకరు అరుస్తుంటే ఎవరికీ సరైన నిర్ణయం రాదు. కుక్క కాస్త నెమ్మదిగా ఉన్న పూట అందరూ కూర్చుని మాట్లాడుకోండి: ఆపరేషన్ దాకా వెళ్తామా, వేరే ఊరు తీసుకెళ్తామా, ఏది కనిపిస్తే ఇక చాలంటాం. అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యం చేసే డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ ఇందుకోసం ఒక కొలమానం తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అనేవి ఏడు అంశాలు. ఒక్కోదానికి పది మార్కులు, మొత్తం డెబ్భైలో ముప్ఫై ఐదు దాటితే బతుకు ఫర్వాలేదని లెక్క. నేను దాన్ని కొంచెం మార్చి వాడతాను. కుక్కకి బాగా ఇష్టమైన మూడు పనులు రాయమంటాను: గేటు దగ్గర ఎదురుచూడటం, చికెన్ వాసనకి లేవడం, స్కూటర్ చప్పుడుకి తోక ఊపడం, ఇలాంటివి. మూడింట్లో రెండు పోయి, వైద్యం చేస్తున్నా తిరిగి రాకపోతే నా దగ్గరకు రండి, మాట్లాడుకుందాం అంటాను. మార్కులు వేసేటప్పుడు ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేయండి. రోజంతా పక్కనుండి ఎత్తి దించేవాళ్ల మార్కులకీ, సాయంత్రం ఇంటికొచ్చి నిమిరేవాళ్ల మార్కులకీ చాలా తేడా వస్తుంది. నేను మొదటివాళ్ల మార్కులే నమ్ముతాను.

ఒకవేళ ఇంజెక్షన్ దాకా వస్తే ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. ముందు మత్తు ఇమ్మని అడగండి, అది మీ హక్కు. కుక్క నిద్రలోకి జారాక రక్తనాళంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తారు, సాధారణంగా నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. తర్వాత ఒకటి రెండుసార్లు ఎగపీల్చినట్టు కావచ్చు, మూత్రం పోవచ్చు. అది బాధ కాదు, అప్పటికే దానికి స్పృహ ఉండదు. చాలామంది డాక్టర్లు ఇంటికొచ్చి చేస్తారు, అడిగి చూడండి. పాతిపెట్టేట్టయితే గొయ్యి లోతుగా తవ్వాలి. ఒంట్లో మందు ఉంటుంది, వీధికుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. హైదరాబాద్‌లో అయితే ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకు దహనవాటిక ఉంది.

కానీ మీరింకా అక్కడికి రాలేదు. రేపటి పని చెబుతాను. ఇవాళ రాత్రి నీళ్లు ఒకేసారి గిన్నెడు పెట్టకుండా కొంచెం కొంచెంగా పెడుతూ ఉండండి, పూర్తిగా ఆపొద్దు. టైల్స్ మీద జారకుండా పాత గోనెపట్టా పరిచి, లేవలేకపోతుంటే మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. పొద్దున బయల్దేరేటప్పుడు రక్తపరీక్ష కాగితం, ఇప్పటిదాకా వేసిన మందుల అట్టలు, టీకాల పుస్తకం, చివరిసారి ఎదకొచ్చిన తేదీ తీసుకెళ్లండి. కుదిరితే ఉదయం పోసిన మూత్రం శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి. స్కానింగ్ రిపోర్టుతోపాటు ఫాస్ఫరస్, పొటాషియం, ప్లేట్‌లెట్ల అంకెలు కూడా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. గర్భసంచిలో ద్రవం ఉందని అంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి. కొన్ని గంటలు సెలైన్, యాంటీబయాటిక్ ఇచ్చి కుదుటపరిచి, వీలైతే రేపే ఆపరేషన్ చేయగలరేమో అక్కడే అడగండి.